పోయిన బంగారం, వెతికే యంత్రం

మన ఇళ్ళలో చిన్న నగ ఏదైనా కనబడకపోయినప్పుడు జరిగే తంతు అందరికీ తెలిసినదే. మొదట దేవుడి గూడు వెతుకుతాము. తరువాత పోపులపెట్టె, ఆ తరువాత పరుపుల అడుగు. గంట గడిచేసరికి ఎవరో ఒకరు అంట్లు తోమే మనిషి పేరు ఎత్తుతారు. సాయంకాలానికి అంజనం వేసేవాడి ఊరు, పేరు కూడా ఎవరో చెబుతారు. ఈ మధ్య అంజనం చోటికి మరొకటి వచ్చింది. అదే మెటల్ డిటెక్టరు.

చేతిలో పట్టుకొని తిప్పే ఈ యంత్రాలు రెండు రకాలు. మొదటి రకం అప్పడాల కర్ర వలె ఉండేది, సభల గుమ్మాల దగ్గర పోలీసువారు మన ఒంటి చుట్టూ తిప్పేది. రెండవది నిలువు కర్రకు అడుగున పళ్ళెం బిగించి నేల మీద తిప్పేది. మా అంకులిలో నలుగురు గుమాస్తాలము చందా వేసుకొని ఈ రెండవ రకం ఒకటి కొన్నాము. అప్పటినుండి దాని కోసం వచ్చేవారు వస్తూనే ఉన్నారు. తెలుగువారూ వస్తారు, ఒడియావారూ వస్తారు, రెండు భాషల్లోనూ చెప్పిందే చెప్పి మా నోరు పోతున్నది. కనుక దాన్ని ఎలా బిగించాలి, ఎలా తిప్పాలి, అది పలికితే ఏమిటి, పలకకపోతే ఏమిటి అన్న సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము. చివరి సంగతి అన్నిటికంటె ముఖ్యమని మా అభిప్రాయం. ఎందుకో ముందుకు పోయిన కొద్దీ తెలుస్తుంది.

ఈ యంత్రంలో మాయ ఏమీ లేదు. అడుగున ఉన్న పళ్ళెంలో రెండు రాగితీగ చుట్లు ఉంటవి. ఒక చుట్టలో కరెంటు సెకనుకు కొన్ని వేల సార్లు అటూ ఇటూ పరుగెత్తుతుంది. దానివల్ల పళ్ళెం క్రింద అయస్కాంతశక్తి పుట్టి, అది కూడా అదే వేగంతో మారుతూ ఉంటుంది. ఆ శక్తి మట్టిలో ఉన్న ఒక ఉంగరానికి తగిలినదనుకోండి. ఉంగరంలో చిన్న సుడుల వంటి కరెంటు పుడుతుంది. ఆ సుడులు తిరిగి తమ అయస్కాంతశక్తిని పైకి పంపుతవి. రెండవ చుట్ట ఆ బదులును వింటుంది. మొదటి చుట్ట గోల తనకు వినపడకుండా రెండవ చుట్టను త్రాసు ముల్లు వలె సరితూచి అమర్చుతారు. తూకం చెడిందంటే దగ్గరలో లోహం ఉన్నదన్నమాట. అంతకు మించి ఆ యంత్రానికి ఏమీ తెలియదు.

తూకం చెడడానికి కారణం ఏమిటన్నది వెతికే మనిషి తెలుసుకోవాలి. ఈ సంగతి 1881లోనే బయటపడింది. ఆ ఏడు జూలై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డును వాషింగ్టను రైల్వే స్టేషనులో ఒకడు తుపాకితో కాల్చాడు. ఒక గుండు ఒంట్లోనే ఉండిపోయింది. అప్పటికి ఎక్సురేలు లేవు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్లు ఇటువంటి రెండు చుట్ల యంత్రమే తయారుచేసి, దానికి టెలిఫోను చెవిగొట్టం తగిలించి, పాత యుద్ధంలో గుళ్ళు ఒంట్లో ఉండిపోయిన సిపాయిల మీద పరీక్షించి చూశాడు. పని చేసింది. తీరా అధ్యక్షుడి మంచం దగ్గరకు తెస్తే ఎక్కడ పెట్టినా సన్నగా పలుకుతూనే ఉన్నది. తరువాత తెలిసిన సంగతి ఏమిటంటే, ఆయన పడుకున్న పరుపు క్రింద ఉక్కు తీగలతో అల్లిన మరొక పరుపు ఉన్నది. పైగా, గుండు కుడివైపే ఉన్నదని నమ్మిన పెద్ద డాక్టరు కుడివైపు మాత్రమే వెతకనిచ్చాడు. సెప్టెంబరు 19న అధ్యక్షుడు చనిపోయాడు. శవపరీక్షలో గుండు ఎడమవైపు దొరికింది. యంత్రం తన పని తాను చేసింది. ఎక్కడ వెతకాలన్నది మాత్రం మనుషులు ముందే తీర్మానించుకొని కూర్చున్నారు.

అరవై ఏళ్ళ తరువాత, రెండవ ప్రపంచయుద్ధంలో, కొసాట్స్కీ అనే పోలండు లెఫ్టినెంటు నేలలో పాతిన మందుపాతరలను పట్టే యంత్రాన్ని తయారుచేసి బ్రిటిషు సైన్యానికి ఉచితంగా ఇచ్చాడు. 1942లో ఎల్ అలమీన్ ఇసుకలో సైనికులు దానితోనే దారి చేసుకున్నారు. ఇవాళ మా చేతిలో ఉన్నది దాని మనుమరాలని చెప్పవచ్చు.

ఇక బిగించడం. పెట్టె విప్పగానే మూడు ముక్కల కర్ర, పళ్ళెం, మోచేతి దగ్గర ఆనించుకొనే దోనె, మీటలున్న డబ్బా కనబడతవి. పళ్ళాన్ని కర్రకు బిగించే మర ప్లాస్టిక్కుది. అది పోతే ఇనుప మర వేయకండి. వేశారంటే యంత్రం దానినే చూసి అరుస్తూ కూర్చుంటుంది. పళ్ళెం నుండి పైకి వచ్చే తీగను కర్రకు గట్టిగా చుట్టాలి. వదులుగా ఉండి ఊగినదంటే ప్రతి ఊపుకూ దొంగ పలుకులు వస్తవి. కర్ర పొడుగు మనిషికి తగినట్టు సర్దాలి. నిలబడి చెయ్యి వదులుగా వ్రేలాడదీస్తే పళ్ళెం నేలకు ఒకటి రెండు అంగుళాల పైన ఉండాలి. నడుము వంగినదంటే కర్ర పొట్టి అయిందన్నమాట. అరగంటలో నడుము నొప్పి పుట్టి, పని అక్కడితో ఆగుతుంది. సెల్లులు ఒకే రకం, ఒకేసారి కొన్నవి వేయాలి. గడియారంలోంచి ఒకటి, టార్చిలైటులోంచి ఒకటి తీసి వేసేవారిని చూశాము.

స్విచ్చి వేసే ముందు చేతి గడియారం, గాజులు తీసివేయాలి. సెల్‌ఫోను దూరంగా పెట్టాలి. కరెంటు స్తంభం క్రింద, ఫాను క్రింద యంత్రం ఊరికే గొణుగుతుంది. ఇంటిలోపల వెతకడానికి ఇది పనికిరాదని ముందే చెబుతున్నాము. నేలలో, పైకప్పులో ఇనుప ఊచలు, గోడలో తీగలు, మూల ఇనుప బీరువా. వీటి మధ్య చెవికమ్మ పలుకు వినడమంటే బజారులో వెండి గజ్జె చప్పుడు వినడమే.

తరువాత పెరట్లో ఒక చాపంత నేలలో లోహం ఏదీ లేదని చూసుకొని, అక్కడ ఇంట్లోని వస్తువులే ఒక్కొక్కటిగా పెట్టి పళ్ళెం తిప్పాలి. ఇనుప మేకు, వెండి మట్టె, బంగారు ఉంగరం, మాత్రల అట్టరేకు, సీసా మూత, రూపాయి బిళ్ళ. ఈ పాఠం ఒక పూట చేస్తే పుస్తకం చదవనక్కరలేదు. ఒక్కొక్క లోహం ఒక్కొక్క విధంగా బదులిస్తుంది. ఇనుము బొంగురుగా, వెండి, రాగి కీచుగా పలుకుతవి. కొన్నిటిలో అంకె కూడా కనబడుతుంది. రూపాయి బిళ్ళ వెండి వలె పలుకుతుందనుకొంటే పొరపాటు. 1992 నుండి వచ్చిన రూపాయి బిళ్ళలు అయస్కాంతానికి అంటుకొనే ఉక్కువి. పిల్లల చేత అయస్కాంతంతో పరీక్ష చేయించండి, వారికి మంచి వినోదం.

అసలు చిక్కు బంగారం దగ్గర వస్తుంది. సన్నని బంగారు నగ, మాత్రల అట్టరేకు, పొగాకు పొట్లం రేకు దాదాపు ఒకే విధంగా పలుకుతవి. చెత్త పలుకులు వినలేక విసిగినవారి కోసం యంత్రంలో ఒక మీట పెట్టారు. దాన్ని త్రిప్పితే రేకులను పట్టించుకోవడం మానుతుంది. దానితోపాటే ముక్కుపుడకను, సన్న గొలుసును, పిల్లల చెవిపోగును కూడా మానుతుంది. గొలుసు సంగతి మరీ కష్టం. దాని లంకెలు దేనికదే చిన్నవి కనుక, తులం బరువున్నా ఒక గింజంత పలుకే పలుకుతుంది. కాబట్టి బంగారం వెతికేటప్పుడు ఆ మీట ముట్టకూడదు. పది రేకులు తవ్వితే పదకొండవది కమ్మ కావచ్చును, కాకపోవచ్చును. తవ్వే ఓపిక లేకపోతే యంత్రం తీయకపోవడమే మేలు.

తిప్పడం ఎలాగంటే, చీపురుతో వాకిలి ఊడ్చినట్టు, నేలకు సమానంగా, నెమ్మదిగా. కొత్తవారు ఊయల ఊపినట్టు ఊపుతారు. రెండు కొసలలో పళ్ళెం జానెడు పైకి లేస్తుంది, ఆ జానెడూ లోతులో పోయినట్టే. ఒక ఊపుకూ మరొక ఊపుకూ మధ్య నేల మిగలరాదు. ముందుగా నాలుగు పుల్లలు పాతి, నులకతాడు కట్టి, పొలంలో చాళ్ళ వలె గళ్ళు చేసుకోవాలి. ఒకసారి తూర్పు పడమరగా, మరొకసారి ఉత్తర దక్షిణంగా చూడాలి. పలికిన చోట అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తిప్పితే రెండు గీతలు కలిసే చోటనే వస్తువు ఉంటుంది. తోటపని చేసే చిన్న తవ్వుకోలు చాలు, పలుగు వద్దు. తీసిన మట్టిని ఒక గుడ్డ మీద పోసి, గుంటను మరల ఒకసారి వినాలి. గుంట పలకకపోతే వస్తువు మట్టిలోకి వచ్చిందన్నమాట. పని అయిన తరువాత గుంట పూడ్చాలి. ఇది చెప్పనక్కరలేని మాటే గాని, చెప్పవలసి వస్తున్నది.

లోతు సంగతి అందరూ అడుగుతారు. రూపాయి బిళ్ళంత వస్తువు ఆరు నుండి ఎనిమిది అంగుళాల వరకు దొరుకుతుంది. ముక్కుపుడక రెండంగుళాలు దాటితే ఆశ వదులుకోవలసినదే. పళ్ళెం నుండి దూరమయ్యే కొద్దీ బదులు చాలా తొందరగా సన్నగిల్లిపోతుంది. అడుగుల లోతున ఉన్న చిన్న నగను చూపిస్తానని ఎవరైనా అంటే, అతని చేతిలో ఉన్నది ఈ రకం యంత్రం కాదు.

నేలను బట్టి కూడా యంత్రాన్ని సర్దుకోవాలి. మన గంజాం జిల్లావారికి ఇది మరీ అవసరం. గోపాలపూర్ నుండి ఛత్రపురం మీదుగా ఋషికుల్య మొగ వరకు ఉన్న సముద్రపు ఇసుకలో నల్లని చారలు చూసే ఉంటారు. అది ఇల్మనైటు అనే ఖనిజం. ఇనుము, టైటానియం కలిసి ఉంటవి. దానికోసమే ఛత్రపురం దగ్గర ఇండియన్ రేర్ ఎర్త్సువారి కర్మాగారం వెలిసింది. ఆ ఇసుకే యంత్రానికి ఒక లోహం వలె తోస్తుంది. పళ్ళాన్ని నేలకు దగ్గరగా, పైకి నాలుగైదు సార్లు దంపినట్టు ఆడిస్తూ, ఆ ఆటకు పలుకు రాకుండా పోయేవరకు మీట సర్దాలి. నేలతో సంధి చేసుకోవడం అని మేమంటాము. నల్లచార దాటి తెల్ల ఇసుకలోకి పోగానే సంధి మళ్ళీ చేసుకోవాలి. తడి ఇసుకలో ఉప్పునీరు మరొక చిక్కు. ఉప్పునీటిలో కూడా కరెంటు పారుతుంది కనుక మా యంత్రం వంటి మామూలు రకాలు అక్కడ పిచ్చిగా కూస్తవి. ఒకేసారి పలు వేగాలతో పనిచేసే ఖరీదైన యంత్రాలు నయమంటారు. మేము మాత్రం సున్నితం తగ్గించి, అలలు తాకని పొడి ఇసుకకే పరిమితమవుతాము.

గోపాలపూర్ ఒకప్పుడు రంగూను స్టీమర్లు ఆగిన రేవు. మన తాతల కాలంలో బర్మా కూలికి పోయిన తెలుగువారు, ఒడియావారు ఎందరో ఆ ఇసుక మీద మూటలు పెట్టుకొని కూర్చున్నవారే. పాత కాణీ బిళ్ళ అక్కడ ఎప్పుడు దొరికినా మాకు ఆ మూటలే జ్ఞాపకం వస్తవి.

ఒక కార్తీక పౌర్ణమి మరునాడు బరంపురం నుండి ఒక దంపతులు మా దగ్గరకు వచ్చారు. స్నానానికి పోయిన చోట ఆమె మంగళసూత్రం తాడు తెగిపోయింది. తాడు రవికకు చిక్కుకొని ఉన్నది, పుస్తెలు రెండూ లేవు. ఆమె ఏడవడం లేదు. ఒక మాటా మాట్లాడడం లేదు. మెడలో పసుపుకొమ్ము కట్టుకొని ఉన్నది. మేము యంత్రం తీయకముందు అడిగినవన్నీ మామూలు ప్రశ్నలే. ఎక్కడ కూర్చున్నారమ్మా, బట్టలు ఎక్కడ మార్చుకున్నారు, పిల్లవాణ్ణి ఎక్కడ ఎత్తుకున్నారు, చివరిసారి పుస్తె చేతికి తగిలినట్టు ఎప్పుడు జ్ఞాపకం? పిల్లవాణ్ణి ఎత్తుకున్నప్పుడు వాడు మెడ పట్టుకున్నాడని ఆమెకు అప్పుడు స్ఫురించింది. యంత్రం చేసిన మేలులో సగం ఆ ప్రశ్నదే. తాడు కట్టి ముప్పై అడుగుల చదరం రెండు పూటలు వెతికాము. సీసా మూతలు ఒక జోలెడు తీశాము. రెండవ మధ్యాహ్నం నాలుగు వేళ్ళ లోతున ఒక పుస్తె దొరికింది. రెండవది దొరకలేదు. దొరికినది పుట్టింటిదా అత్తింటిదా అని వెంట వచ్చిన ముసలావిడ అడిగింది. ఆ అమ్మాయి అప్పుడు నవ్వింది.

ఇక రెండవ సంగతి. మా వీధిలోనే ఒక ఇంట్లో కోడలి చెవికమ్మ ఒకటి పోయింది. ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా పనిచేస్తున్న ఒడియా ఆమె ఒకతె ఉండేది. వీధి పిల్లలందరూ ఆమెను మావుసి అనే పిలిచేవారు. ఇంటివారు మమ్మల్ని పిలిచి, పెరడు వెతకమన్నారు. ఆ తరువాత గొంతు తగ్గించి, "ఎలాగూ తెచ్చారు గదా, ఒక్కసారి ఆమె మీద, ఆమె మూట మీద కూడా తిప్పండి" అన్నారు. మేము ఒప్పుకోలేదు. వెనుక నిలబడి ఇదంతా వింటున్న ఆమె ముందుకు వచ్చి, "తిప్పండి బాబూ. తిప్పకపోతే రేపు నన్ను ఏ గుమ్మం ఎక్కనిస్తారు?" అన్నది.

న్యాయమైన మాటే. కాని మా కష్టం వేరు. ఆమె నడుముకు తాళంచెవులున్నవి, రవికకు హుక్కులున్నవి, చేతికి గాజులున్నవి, కాలికి మట్టెలున్నవి. యంత్రం తప్పకుండా పలుకుతుంది. పలికితే చూశారా అంటారు. అన్నీ తీయించి తిప్పితే పలకదు. అప్పుడు ఇంటికి చేరవేసిందంటారు. ఏ విధంగా చూసినా ఆ యంత్రం చెప్పగలిగిన మాట ఆమెకు పనికివచ్చేది కాదు. ఈ సంగతి ఇంటి పెద్దకు విడమరచి చెప్పాము. ఆమెకు కూడా ఆమె భాషలో చెప్పాము. ఆమె మాత్రమే అర్థం చేసుకున్నది.

పెరడు రెండు రోజులు వెతికాము. వెనుక గుమ్మం నుండి నూతి గట్టు వరకు, నూతి నుండి పెంటకుప్ప వరకు. మేకులు, మాత్రల రేకులు, ఒక అల్యూమినియం పది పైసలు దొరికినవి. కమ్మ దొరకలేదు. "పెరట్లో లేదు, ఇంట్లో లేదు. మరి ఎక్కడున్నట్టు?" అన్నారు ఇంటివారు. పెరట్లో కనబడలేదని మాత్రమే మేము చెప్పగలమని, ఎనిమిది అంగుళాలకు దిగువ ఏమున్నదో, ఇనుప బీరువాలో ఏమున్నదో ఈ యంత్రానికి తెలియదని మళ్ళీ చెప్పాము. ఆ నెలాఖరున ఆమెను మానిపించారు. సంక్రాంతికి బీరువాలోంచి పట్టుచీర తీసి విప్పితే కుచ్చిళ్ళ మడతలో నుండి కమ్మ నేల మీద పడింది. ఇంటివారు ఆమె ఉండే చోటికి వెళ్ళి పిలిచారట. రాలేదు. ఇప్పుడు వేరే వీధిలో చేస్తున్నది.

అందుకే యంత్రం కోసం వచ్చినవారికి మేము ముందుగా ఒక షరతు చెబుతాము. ఇది నేల మీద తిప్పడానికే ఇస్తాము, మనిషి మీద తిప్పడానికి ఇవ్వము. దొరికితే దొరికినట్టు. దొరకకపోతే ఎవరో తీశారని మాత్రం అర్థం కాదు. ఈ మాట ఒప్పుకోనివారికి మంచినీళ్ళిచ్చి పంపిస్తాము.

గుమ్మాల దగ్గర వాడే కర్ర వంటి రకం సంగతి వేరు. అక్కడ వచ్చిన ప్రతివారినీ ఒకే విధంగా చూస్తారు కనుక ఒకరి పరువు పోదు. మన సభలలో, పెళ్ళిళ్ళలో వాలంటీర్లుగా నిలబడే కుర్రవాళ్ళు మాత్రం రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పని మొదలుపెట్టే ముందు ఒక తాళంచెవి మీద తిప్పి యంత్రం పలుకుతున్నదో లేదో చూసుకోవాలి. ఆడవారిని ఆడవారే, తెర చాటున చూడాలి. గుండెలో పేసుమేకరు ఉన్నవారు ముందే చెప్పాలి. వారి ఛాతీ మీద యంత్రం ఆపి ఉంచరాదు. మోకాలి చిప్ప మార్పించుకున్న పెద్దలు పలికినప్పుడు కంగారు పడనక్కరలేదు.

మా దగ్గరకు వచ్చే మూడవ రకం మనుషులు నిధి కోసం వచ్చేవారు. వీరు రాత్రిపూట వస్తారు. పాత గుడి, పాడుపడ్డ కోట, మర్రిచెట్టు మొదలు. అక్కడ యంత్రం పలికితే చాలు, బంగారమే అంటారు. పరుపు క్రింద ఉక్కు తీగ సంగతి వీరికి చెప్పి లాభం లేదు.

ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా డౌండియా ఖేడా కోటలో వెయ్యి టన్నుల బంగారం ఉన్నదని ఒక సాధువుకు కల వచ్చింది. భూగర్భశాఖవారి పరికరాలు నేలలో ఏదో తేడా ఉన్నదని చూపినవి. కల, తేడా రెండూ కలిసేసరికి 2013 అక్టోబరులో పురాతత్వశాఖవారే తవ్వకం మొదలుపెట్టారు. దేశమంతా చూసింది. పెంకులు, పాత వస్తువులు దొరికినవి గాని బంగారం దొరకలేదు. మన తెలుగుదేశంలో 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో అధికారుల అనుమతితోనే గుప్తనిధి కోసం తవ్వారు. ఎముకలు, ఇటుకలు బయటపడ్డవి. నిధి లేదు. ప్రభుత్వం వారి యంత్రాలతో, ప్రభుత్వం వారి కూలీలతో దొరకనిది, అమావాస్యనాడు ఇద్దరు బావమరుదులకు దొరుకుతుందా?

వీరిని మోసగించే యంత్రాలు కూడా ఉన్నవి. చేతిలో పిడి, దానికి ఊగే యాంటెన్నా, లోపల ఏమీ ఉండదు. దూరం నుండే బంగారాన్ని చూపుతుందంటారు. ఇటువంటి దానితో లోకాన్నే మోసగించినవాడొకడు ఉన్నాడు. మెక్‌కార్మిక్ అనే ఇంగ్లీషువాడు గోల్ఫు బంతులు వెతికే ఆటవస్తువును మార్చి, బాంబులు పట్టే యంత్రమని ఇరాకు ప్రభుత్వానికి అమ్మాడు. దానికి బాటరీ కూడా లేదు. బాగ్దాదు చెక్‌పోస్టులలో సిపాయిలు దాన్ని చేత పట్టుకొని బళ్ళను వదిలిపెట్టారు. బాంబులు పేలుతూనే ఉన్నవి. 2013లో లండను కోర్టు అతనికి పదేళ్ళ జైలు వేసింది. పిడి పట్టుకున్నవాడి మణికట్టు తనకు తెలియకుండానే ఆ యాంటెన్నాను ఊపుతుంది. అది నిజమైనదో కాదో తెలుసుకోవడం సులభం. ఒక ఉంగరాన్ని పది మూకుళ్ళలో ఒకదాని క్రింద దాచి, ఎక్కడ దాచారో తెలియనివారి చేత పట్టించి చూడండి. అమ్మేవాడు ఆ పరీక్షకు నిలబడడు.

నేలలో నిజంగానే ఏదైనా దొరికితే ఏం చేయాలన్నది 1878 నాటి నిధుల చట్టంలో ఉన్నది. దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు వ్రాతమూలకంగా తెలియజేసి, వస్తువును ఖజానాలో దాఖలు చేయాలి, లేదా హామీ ఇవ్వాలి. పూర్వం దాచిన స్వంతదారు లేడని విచారణలో తేలి, స్థలం యజమాని కూడా హక్కుకు వస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవానికి ముప్పాతిక, యజమానికి పాతిక. దాచిపెడితే ఏడాది వరకు జైలు, పైగా వాటా కూడా పోతుంది. ఇది చెప్పగానే రాత్రిపూట వచ్చినవారిలో సగంమంది లేచిపోతారు. పురుషోత్తమపురం దగ్గర అశోకుడి శాసనం ఉన్న జౌగడ వంటి రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా పార వేయడమే నేరం.

సముద్రం ఒడ్డున మరొక మాట. ఋషికుల్య మొగ దగ్గర తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలంలో, అంటే ఫిబ్రవరి నుండి మే వరకు, అటు వెళ్ళి తవ్వకండి. జానెడున్నర లోతులో వందేసి గుడ్లు ఉంటవి. ఆ రోజులలో ఎంత విలువైన నగ పోయినా మేము యంత్రం అటు పంపించము.

పని ముగిసిన తరువాత పళ్ళాన్ని మంచినీటితో కడిగి ఉప్పు పోగొట్టాలి. మీటల డబ్బాకు మాత్రం నీరు తగలరాదు. నీడలో ఆరనిచ్చి, సెల్లులు తీసి విడిగా కట్టిపెట్టాలి. లోపలే ఉంచితే కారి, బిళ్ళలు చిలుమెక్కుతవి. మా యంత్రం ఆదివారం ఉదయం తప్ప దొరకదు. సెల్లులు ఎవరివి వారే తెచ్చుకోవాలి. తాడు, పుల్లలు, తవ్వుకోలు మేమిస్తాము.